అక్షరం మధ్యవర్తిగా: కృత్రిమ మేధలో పాఠం, ధ్వని, దృశ్యాల సమన్వయ చరిత్ర

వ్యాససంగ్రహం

రాసిన మాట, పలికిన ధ్వని, కదిలే దృశ్యం అనే మూడింటినీ ఒకే నమూనాలో అనుసంధానించే కృషి కృత్రిమ మేధ రంగంలో నాలుగు దశాబ్దాలకు పైగా సాగుతోంది. దీనిని సాధారణంగా సాంకేతిక ప్రగతి కథగానే చెబుతారు. ఈ మూడూ కలుసుకునే చోటు ఏది అన్న ప్రశ్నతో చదివినప్పుడు అదే చరిత్ర మరో విధంగా కనిపిస్తుంది. 1980 నుంచి 2024 వరకు వచ్చిన ప్రధాన ప్రయోగాలను దశలవారీగా పరిశీలించి, ధ్వనీ దృశ్యమూ చాలావరకు లిఖితపాఠం ద్వారానే, అందులోనూ ఆంగ్లపాఠం ద్వారానే, ఒకదానినొకటి చేరుకున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అక్షరాన్ని ఆశ్రయించని సన్నని పాయ ఒకటి దీనికి సమాంతరంగా సాగిన తీరును గుర్తించి, ఈ రెండింటి నేపథ్యంలో తెలుగు మౌఖిక సంపద స్థితిని చర్చిస్తుంది.

కీలకపదాలు: కృత్రిమ మేధ, బహుమాధ్యమ నమూనాలు, లిఖితపాఠం, ధ్వని, దృశ్యం, కాకువు, పటం కథ, మౌఖిక సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

భారతీయ ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యమనీ శ్రవ్యమనీ రెండుగా విభజించారు. అయితే దృశ్యకావ్యం చూడటానికి మాత్రమే పరిమితమైనది కాదు. వాచికం, ఆంగికం, ఆహార్యం, సాత్త్వికం అనే నాలుగు అభినయాలూ కలిసినప్పుడే నాటకం ప్రేక్షకునికి ఒకే అనుభవంగా అందుతుంది. నటుడు పలికిన మాటకూ, అతని చేతికదలికకూ, ముఖంలోని భావానికీ మధ్య సంబంధాన్ని ప్రేక్షకుడు ప్రత్యేకంగా ఊహించుకోనక్కరలేదు. అవి అతనికి కలిసే అందుతాయి.

కంప్యూటరుకు ఈ సౌలభ్యం లేదు. దానికి పాఠం అంటే విడివిడి సంకేతాల వరుస. ధ్వని అంటే క్షణానికి వేల సార్లు కొలిచిన గాలి ఒత్తిడి విలువలు. మాటను గుర్తించే వ్యవస్థలలో ఈ కొలతలు సాధారణంగా సెకనుకు 16,000 ఉంటాయి. వీడియో అంటే సెకనుకు ఇరవై నాలుగో ముప్పయ్యో నిశ్చల చిత్రాలు, ఒక్కొక్క చిత్రంలో లక్షలాది బిందువుల రంగుల విలువలు. ఈ మూడింటికీ ఉమ్మడి కొలమానం ఏదీ లేదు. అందువల్ల ఇరవయ్యో శతాబ్దంలో భాషా సంస్కరణం, మాటల గుర్తింపు, కంప్యూటర్ దృష్టి అనేవి వేర్వేరు శాఖలుగా, వేర్వేరు పద్ధతులతో పెరిగాయి. వాటిని కలపాలంటే మూడూ కలుసుకోగల ఒక ఉమ్మడి స్థలం కావాలి. ఆ స్థలం ఏ దశలో ఏదయింది, దాని వల్ల ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు.

2. సైగ, పెదవి, గొంతు: తొలి దశ (1976-2011)

మాటనూ సైగనూ కలిపి గ్రహించిన తొలి వ్యవస్థలలో ప్రసిద్ధమైనది ఎం.ఐ.టి.లోని ఆర్కిటెక్చర్ మెషిన్ గ్రూప్‌కు చెందిన రిచర్డ్ బోల్ట్ 1980లో ప్రకటించినది. 'దాన్ని అక్కడ పెట్టు' అనే అర్థం వచ్చే ఆంగ్ల వాక్యమే దాని పేరు. కుర్చీలో కూర్చున్న వ్యక్తి ఎదురుగా ఉన్న పెద్ద తెర వైపు చేయి చాపి ఆ మాట పలికితే, తెరమీద చూపిన ఆకారం చూపిన చోటికి కదిలేది. ఇక్కడ గమనించవలసింది నిర్దేశక పదాల స్వభావం. 'అది', 'అక్కడ' అనే పదాలకు స్వతహాగా నిర్దిష్టమైన అర్థం లేదు. వేలు చూపిన దిక్కే వాటికి అర్థాన్నిస్తుంది. అలాగే సైగ ఒక్కటే ఉంటే ఏం చేయాలో తెలియదు. పరిమిత పదజాలంతో, ముందే రాసిపెట్టిన నియమాలతో పనిచేసిన ఆ వ్యవస్థ స్వయంగా నేర్చుకున్నది ఏమీ లేదు. అయినా అర్థం ఒకే మాధ్యమంలో ఉండకపోవచ్చునన్న విషయాన్ని అది స్పష్టంగా చూపింది.

దీనికి నాలుగేళ్ల ముందే మనోవిజ్ఞాన రంగంలో ఇటువంటి పరిశీలన ఒకటి వెలువడింది. హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ 1976లో ప్రచురించిన ప్రయోగంలో 'బ' అనే ధ్వనిని వినిపిస్తూ, 'గ' అని పలుకుతున్న ముఖాన్ని చూపించారు. చాలామందికి వినిపించింది 'బ' కాదు, 'గ' కాదు, 'డ'. వినికిడి చెవికి మాత్రమే సంబంధించిన పని కాదని దీనివల్ల రుజువైంది. ఎరిక్ పెటజన్ 1984లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన ఈ దారినే యంత్రానికి అన్వయించింది. ధ్వని ఆధారంగా మాటను గుర్తించే వ్యవస్థకు పెదవుల కదలికల సమాచారాన్ని జతచేస్తే గుర్తింపు మెరుగుపడింది.

తర్వాతి కాలంలో ఈ సమ్మేళనం రెండు విధాలుగా సాగింది. ధ్వని, దృశ్య లక్షణాలను మొదటే ఒకచోట చేర్చి విశ్లేషించడం ఒక పద్ధతి. వేటికవి విశ్లేషించి తుది నిర్ణయాలను మాత్రమే కలపడం రెండోది. మొదటిదానిలో రెండు మాధ్యమాల సూక్ష్మ సంబంధాలు దొరుకుతాయి గాని గణన భారం ఎక్కువ. రెండోది సులభమే గాని, ఆ సంబంధాలు అప్పటికే చాలావరకు పోయి ఉంటాయి. 2011లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు జిక్వాన్ ఎన్గియామ్, ఆండ్రూ ఎన్గ్ తదితరులు లోతైన నాడీజాలంతో పెదవుల వీడియోనూ ధ్వనినీ కలిపి ఉమ్మడి ప్రతిరూపాన్ని నేర్పారు. 'బ' ధ్వనికి 'గ' పలికే ముఖాన్ని జతచేసి ఇచ్చినప్పుడు ఆ యంత్రం కూడా ఎక్కువగా 'డ' అనే ఫలితాన్నే ఇచ్చింది.

ఈ దశలో ధ్వనీ దృశ్యమూ కలుసుకున్న చోటు కాలం. పెదవి తెరుచుకున్న క్షణమూ శబ్దం పుట్టిన క్షణమూ ఒక్కటే. రెండూ ఒకే శరీరం నుంచి, ఒకేసారి వెలువడుతున్నాయి కాబట్టి వాటిని కలపడానికి మూడో మధ్యవర్తి అవసరం రాలేదు.

3. చిత్రానికి పేరు, పేరుకు వాక్యం (2009-2017)

దృశ్యం అర్థాన్ని గ్రహించే పని మొదలైనప్పుడు పరిస్థితి మారింది. 2009లో ఫెయ్-ఫెయ్ లీ బృందం ఇమేజ్‌నెట్ అనే చిత్రాల భాండాగారాన్ని ప్రకటించింది. అది క్రమంగా ఒక కోటీ నలభై లక్షలకు పైగా చిత్రాలతో పెరిగింది. ఈ చిత్రాలను వర్గీకరించడానికి ఆధారం ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ నేతృత్వంలో రూపొందిన వర్డ్‌నెట్. అంటే ఒక ఆంగ్ల పర్యాయపద నిఘంటువు. ప్రపంచంలోని వస్తువులు ఎన్ని రకాలో, ఏది దేనిలో అంతర్భాగమో ఆంగ్ల నామవాచకాల వ్యవస్థ నిర్ణయించింది. ఆ పేర్ల కింద మనుషులు చిత్రాలను చేర్చారు. 2012లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన క్రిజెవ్‌స్కీ, సుట్స్‌కెవర్, హింటన్ రూపొందించిన నాడీజాలం ఇమేజ్‌నెట్ పోటీలో సాధించిన విజయం ఆధునిక కంప్యూటర్ దృష్టికి మలుపుగా నిలిచింది. ఆ మలుపు వెనుక నిఘంటువు ఉందన్న సంగతి అంతగా చర్చకు రాలేదు.

పేరు నుంచి వాక్యానికి ప్రయాణం త్వరగానే జరిగింది. 2014 చివరలో ఓరియోల్ విన్యాల్స్ తదితర గూగుల్ పరిశోధకులు చిత్రాన్ని చూసి వర్ణనవాక్యం రాసే నమూనాను ప్రకటించారు. దాని నిర్మాణం యంత్రానువాదం నుంచి తెచ్చుకున్నది. అనువాదంలో మూలభాషా వాక్యం ఉండే చోట ఇక్కడ చిత్రం ఉంది. చిత్రం నుంచి ఆంగ్లంలోకి అనువాదం అన్నమాట. ఇటువంటి నమూనాలకు శిక్షణ ఇవ్వడానికి కోకో అనే సంకలనంలో ఒక్కో చిత్రానికి ఐదేసి ఆంగ్ల వాక్యాలను మనుషుల చేత రాయించారు.

చిత్రం గురించి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే పరీక్ష 2015లో వచ్చింది. రెండేళ్లకు దానిలోని లోపం బయటపడింది. యశ్ గోయల్ తదితరులు 2017లో చూపిన ప్రకారం, 'ఇది ఏ ఆట' అనే తరహా ప్రశ్నలకు చిత్రం చూడకుండా 'టెన్నిస్' అని చెప్పినా 41 శాతం సందర్భాలలో జవాబు సరిపోయేది. 'చిత్రంలో ఫలానాది కనిపిస్తోందా' అనే తరహా ప్రశ్నలకు 'అవును' అంటే 87 శాతం సరిపోయేది. యంత్రం చిత్రాన్ని చదివినట్లు కనిపించినా, నిజానికి చాలాచోట్ల ప్రశ్నలోని భాషను మాత్రమే చదివింది. ఒకే ప్రశ్నకు రెండు దగ్గరి చిత్రాలు వేర్వేరు జవాబులనిచ్చేలా ఆ పరీక్షను తిరిగి కూర్చవలసి వచ్చింది. పాఠం మధ్యవర్తిగా ఉన్నప్పుడు అది తాను చేరవేయవలసిన దృశ్యాన్ని ఎలా కప్పివేయగలదో తెలిపిన తొలి స్పష్టమైన నిదర్శనం ఇది.

4. అక్షరం లేని పాయ (2015-2022)

ఇదే కాలంలో మరో ఆలోచన కూడా నడిచింది. పసిపిల్లలు అక్షరాలు నేర్చుకోకముందే మాటను వస్తువుతో జతపరుస్తారు. యంత్రానికి అది ఎందుకు సాధ్యం కాదు అన్నది ఆ ఆలోచనకు మూలం. ఎం.ఐ.టి.లో డేవిడ్ హార్వాత్, జేమ్స్ గ్లాస్ తదితరులు 2015 నుంచి ఈ దిశలో కృషి చేశారు. చిత్రాలను చూసి మనుషులు నోటితో చెప్పిన వర్ణనలను రికార్డు చేసి, ఆ ధ్వనినీ చిత్రాన్నీ నేరుగా జతచేసి నాడీజాలానికి ఇచ్చారు. మధ్యలో ఎక్కడా లిఖితపాఠం లేదు. అయినా ఆ నమూనా ధ్వనిప్రవాహంలో పదాల వంటి భాగాలను గుర్తించి, చిత్రంలోని తగిన వస్తువులతో కలపగలిగింది. 2018లో ఈ బృందం అవే చిత్రాలకు హిందీలో చెప్పిన వర్ణనలను కూడా జోడించింది. ఆంగ్ల ధ్వని, హిందీ ధ్వని ఒకే చిత్రం దగ్గర కలుసుకున్నాయి. రెండు భాషలకు మధ్యవర్తిగా లిపి కాక దృశ్యం పనిచేసిన సందర్భమిది.

2017లో డీప్‌మైండ్‌కు చెందిన రెల్యా అరాంజెలోవిచ్, ఆండ్రూ జిస్సర్‌మన్ మరో విధంగా ఇదే దారి పట్టారు. ఒక వీడియో చిత్రమూ, ఒక సెకను ధ్వనీ ఇచ్చి, అవి రెండూ ఒకే చోటివా కావా అని మాత్రమే యంత్రాన్ని అడిగారు. ఎవరూ పేర్లు చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు నేర్చుకునే క్రమంలో వాద్యాలను, వాటి ధ్వనులను వేరుచేయగల శక్తి యంత్రానికి అలవడింది. తొలి దశలోని కాలబంధమే ఇక్కడ మళ్లీ పనికి వచ్చింది.

లిపిలేని భాషలను ప్రధానంగా దృష్టిలో ఉంచుకున్న కృషి 2021లో మెటా సంస్థ పరిశోధకుల నుంచి వచ్చింది. ధ్వని నుంచే కొన్ని ప్రాథమిక ప్రమాణాలను యంత్రం చేత కనుగొనజేసి, వాటి వరుసల మీద భాషానమూనాను నిర్మించారు. ఒక విధంగా ఇది ధ్వనికి యంత్రమే కల్పించుకున్న అక్షరమాల. 2022లో ఇదే సంస్థ ప్రధానంగా మౌఖికమైన హొక్కియన్ భాషకు మాట నుంచి మాటకు అనువాదం చేసే వ్యవస్థను ప్రదర్శించింది. అయితే శిక్షణకు కావలసిన దత్తాంశం తయారుచేయడంలో మాండరిన్ భాషను మధ్యవర్తిగా వాడుకోవలసి వచ్చింది. అక్షరాన్ని ముఖద్వారం నుంచి పంపించినా అది పెరటి గుమ్మం గుండా తిరిగి వచ్చింది.

5. జాలం నుంచి జంటలు (2019-2023)

ఈ సన్నని పాయ కన్నా వేగంగా విస్తరించినది లిఖితపాఠం ఆధారంగా సాగిన ప్రధాన ధార. దీనికి కారణం సిద్ధాంతం కన్నా లభ్యత. అంతర్జాలంలో చిత్రాల పక్కనే వాటి వివరణలు, వీడియోల కిందనే ఉపశీర్షికలు ఉన్నాయి. ఎవరూ కొత్తగా రాయించనక్కర లేదు. 2019లో వచ్చిన హౌటూ100ఎం సంకలనం పన్నెండు లక్షలకు పైగా బోధనాత్మక వీడియోల నుంచి 13.6 కోట్ల ఖండికలను సేకరించింది. వంట, తోటపని, మరమ్మతులు వంటి పనులు చేస్తూ మనుషులు చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. కాని ఎంపిక చేసినవి ఆంగ్ల ఉపశీర్షికలున్న వీడియోలు. ఆ మాటలు నమూనాకు చేరింది కూడా స్వరంగా కాదు, పాఠంగానే. పైగా చెప్పే మాటా చేసే పనీ చాలాసార్లు ఒకే క్షణంలో జరగవు. 'ఇప్పుడు ఉల్లిపాయలు తరుగుదాం' అన్న మాట తరగడానికి ముందే వస్తుంది. కాలబంధం సడలి, పాఠబంధం బిగిసిన తీరుకు ఇది ఉదాహరణ.

2021 జనవరిలో ఓపెన్ఏఐ ప్రకటించిన క్లిప్ నమూనా ఈ ధారకు శిఖరం. జాలం నుంచి సేకరించిన 40 కోట్ల చిత్ర-పాఠ జంటలతో దానికి శిక్షణ ఇచ్చారు. సరైన జంటలను దగ్గరకు చేర్చడం, కాని జంటలను దూరం చేయడం దాని సూత్రం. ఫలితంగా చిత్రమూ వాక్యమూ ఒకే గణిత అవకాశంలో బిందువులయ్యాయి. ముందుగా నేర్పని వర్గాలను కూడా పేరు చెబితే గుర్తించే శక్తి దానికి వచ్చింది. కొద్ది వారాలకే దాని నిర్మాతలే ఒక విచిత్రాన్ని బయటపెట్టారు. ఆకుపచ్చ ఆపిల్ పండు మీద 'ఐపాడ్' అని చేతితో రాసిన కాగితం అంటిస్తే, ఆ నమూనా దానిని ఐపాడ్ అని గుర్తించింది. పండు కంటికి ఎదురుగానే ఉన్నా అక్షరం గెలిచింది. పైన చెప్పిన ప్రశ్నోత్తరాల పరీక్షలో పరోక్షంగా కనిపించిన పాఠాధిక్యం ఇక్కడ ప్రత్యక్షమైంది.

2022లో వెలువడిన లయాన్-5బి సంకలనంలో 585 కోట్ల చిత్ర-పాఠ జంటలుంటే, అందులో 232 కోట్లు ఒక్క ఆంగ్లానివే. నూటికి పైగా ఇతర భాషలన్నీ కలిసి దాదాపు అంతే. అదే ఏడాది డీప్‌మైండ్ ఫ్లమింగో నమూనాలో, అప్పటికే పాఠంతో శిక్షణ పొందిన పెద్ద భాషానమూనాను మార్చకుండా ఉంచి, దృశ్యాన్ని దానికి అందించే వారధిని మాత్రమే కొత్తగా నేర్పారు. భాషానమూనా ఇల్లు, దృశ్యం అతిథి. 2023లో వచ్చిన లావా నమూనా శిక్షణకు కావలసిన సంభాషణలను జీపీటీ-4 చేత రాయించారు. ఆ పని చేసేటప్పుడు జీపీటీ-4కు చిత్రాలను చూపలేదు. చిత్రాల వర్ణనవాక్యాలు, వస్తువులున్న స్థానాల అంకెలు పాఠరూపంలో ఇచ్చారు. చిత్రాన్ని గురించి మాట్లాడటం నేర్పిన గురువు ఆ చిత్రాన్ని చూడలేదన్నమాట.

6. గొలుసు నుంచి ఏకనిర్మాణానికి (2023-2024)

2023 మే నెలలో మెటా ప్రకటించిన ఇమేజ్‌బైండ్ ఈ క్రమంలో ప్రత్యేకమైనది. పాఠం, ధ్వని, చిత్రం, లోతు, ఉష్ణచిత్రం, చలన సంవేదనలు అనే ఆరింటినీ అది కలిపింది. వాటిని ఒకదానితో ఒకటి జతచేయడానికి కేంద్రంగా తీసుకున్నది పాఠాన్ని కాదు, చిత్రాన్ని. ధ్వనికీ పాఠానికీ మధ్య నేరుగా శిక్షణ లేకపోయినా, రెండూ చిత్రంతో ముడిపడినందువల్ల వాటి మధ్య సంబంధం ఏర్పడింది. మధ్యవర్తి స్థానం మార్చుకోగలిగినదేనని దీనివల్ల తేలింది.

అదే ఏడాది డిసెంబరులో గూగుల్ జెమినై నమూనాను, మొదటి నుంచీ పలు మాధ్యమాలతో కలిపి శిక్షణ పొందినదిగా పరిచయం చేసింది. ఆ సందర్భంగా విడుదలైన ప్రదర్శన వీడియోలో నమూనా ఎదుటి దృశ్యాన్ని చూస్తూ, మాటలు వింటూ అప్పటికప్పుడు స్పందిస్తున్నట్లు కనిపించింది. వీడియో నుంచి తీసిన నిశ్చల చిత్రాలనూ, లిఖితరూపంలోని ప్రశ్నలనూ ఇచ్చి ఆ స్పందనలు రాబట్టినట్లు సంస్థ తర్వాత తెలిపింది. ఆదర్శం ఏకనిర్మాణమే అయినా, ఆచరణలో ప్రశ్న పాఠంగానే వెళ్లింది.

2024 మే 13న ఓపెన్ఏఐ ప్రకటించిన జీపీటీ-4ఓ ఈ చరిత్రలో గుర్తుంచుకోదగిన విభజనరేఖ. అంతకుముందరి స్వరసంభాషణ మూడు నమూనాల గొలుసు. మొదటిది స్వరాన్ని పాఠంగా మార్చేది. రెండోది పాఠాన్ని చదివి పాఠంగా జవాబిచ్చేది. మూడోది ఆ జవాబును స్వరంగా పలికేది. జీపీటీ-4తో ఈ గొలుసు జవాబివ్వడానికి సగటున 5.4 సెకన్లు పట్టేది. కొత్త నమూనా సగటున 320 మిల్లీసెకన్లలో స్పందించింది. వేగం కన్నా ముఖ్యమైన తేడా మరొకటుంది. పాత గొలుసులో మధ్యనున్న నమూనాకు గొంతులోని మార్పు, మాట్లాడుతున్నవారి సంఖ్య, పరిసరాల శబ్దం తెలిసేవి కావనీ, అది నవ్వును గాని పాటను గాని వెలువరించలేకపోయేదనీ సంస్థ స్వయంగా పేర్కొంది. అక్షరం దగ్గర ధ్వని ఏమి కోల్పోతుందో చెప్పే జాబితా అది.

అయితే అక్షరం పూర్తిగా తొలగిపోలేదు. అదే ఏడాది పారిస్‌లోని క్యూటాయ్ పరిశోధనశాల రూపొందించిన మోషి నమూనా స్వరం నుంచి నేరుగా స్వరానికి జవాబిస్తుంది. కాని పలకబోయే ధ్వనికి ముందుగా పాఠరూపాన్ని తనలో తాను ఊహించుకుంటుంది. దానికి నిర్మాతలు అంతర్గత స్వగతం అని పేరు పెట్టారు. అలా చేసినప్పుడే మాటలోని భాషా నాణ్యత మెరుగుపడిందని వారి అనుభవం.

7. తెలుగు స్థానం

ఈ మొత్తం క్రమంలో తెలుగు ఎక్కడుంది అన్న ప్రశ్నకు కొన్ని అంకెలు జవాబిస్తాయి. 2022 సెప్టెంబరులో ఓపెన్ఏఐ విడుదల చేసిన విస్పర్ నమూనాకు 6,80,000 గంటల ధ్వనితో శిక్షణ ఇచ్చారు. అందులో తెలుగు ధ్వనికి తెలుగు పాఠం జతగా ఉన్నది నాలుగు గంటలకు కొంచెం పైన మాత్రమే. తెలుగుగా గుర్తించిన ధ్వనికి ఆంగ్లపాఠం జతగా ఉన్నది మాత్రం దాదాపు వెయ్యి గంటలు. భాషను యంత్రమే గుర్తించినందువల్ల ఇటువంటి అంకెలలో పొరపాట్లుండే అవకాశం ఉన్నా, వైషమ్యం స్పష్టం. తెలుగు గొంతు తెలుగు లిపిని కలుసుకున్న దానికన్నా ఆంగ్ల లిపిని కలుసుకున్నది రెండు వందల రెట్లకు పైగా ఎక్కువ.

లిపి విషయంలోనూ ఇటువంటి భారమే ఉండేది. నమూనాలు పాఠాన్ని టోకెన్లనే చిన్న ముక్కలుగా విడగొట్టి చదువుతాయి. జీపీటీ-4ఓ ప్రకటనలో ఇచ్చిన ఉదాహరణలో ఆంగ్ల పాఠానికి పాత పద్ధతిలో 27 టోకెన్లు పడితే, దాని తెలుగు రూపానికి 159 పట్టాయి. కొత్త పద్ధతిలో అవి వరుసగా 24కూ 45కూ తగ్గాయి. పాఠమే కూడలి అయినప్పుడు, ఆ కూడలికి చేరడానికి తెలుగు చెల్లించిన సుంకం ఇది. సుంకం తగ్గింది గాని పోలేదు.

కొంత దిద్దుబాటు కృషి కూడా జరిగింది. 2022లో గూగుల్ పరిశోధకులు విడుదల చేసిన క్రాస్‌మోడల్-3600 సంకలనం 3,600 చిత్రాలకు 36 భాషలలో వర్ణనలు రాయించింది. వాటిలో తెలుగు ఒకటి. ఈ వర్ణనలు ఆంగ్లం నుంచి అనువదించినవి కావు, చిత్రాన్ని చూసి ఆయా భాషలలో రాసినవి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి, ఐ.ఐ.టి. మద్రాసులోని ఏఐ4భారత్ సేకరణలు తెలుగుతో సహా భారతీయ భాషల ధ్వని-పాఠ దత్తాంశాన్ని గణనీయంగా పెంచాయి. ఇవి అవసరమైన పనులే. కాని ఇవన్నీ ప్రధానంగా రెండేసి మాధ్యమాల జంటలు. ఒక వైపు ధ్వనో చిత్రమో ఉంటే రెండో వైపు పాఠమే ఉంది.

పాఠం సరిపోని చోటును తెలుగు సాహిత్యశాస్త్రం ఏనాడో గుర్తించింది. కంఠధ్వనిలోని వికారం వల్ల అర్థం మారడాన్ని ఆలంకారికులు కాకువు అన్నారు. వక్రోక్తి భేదాలలో కాకువక్రోక్తి ఒకటి. 'అలాగా' అనే ఒక్క మాట ఆశ్చర్యాన్నీ, అనుమానాన్నీ, ఎత్తిపొడుపునూ, కేవల అంగీకారాన్నీ తెలపగలదు. రాతలో నాలుగూ ఒక్కటే. మాటను పాఠంగా మార్చి ముందుకు పంపే గొలుసులో మొట్టమొదట జారిపోయేది కాకువే. దానితోపాటు ప్రాంతీయ ఉచ్చారణ కూడా ప్రామాణిక రూపంలో కరిగిపోతుంది. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాండలికాలలో పలికిన మాట ఒకే రకమైన రాతగా బయటికి వస్తే ఆ వ్యవస్థ సరిగా పనిచేసిందనే లెక్కిస్తారు.

తెలంగాణలోని పటం కథలు ఈ సమస్యను మరింత స్పష్టం చేస్తాయి. కాకిపడగలవారు, కూనపులివారు, డక్కలివారు తదితర ఆశ్రిత కులాల కథకులు తమ పోషక కులాల పురాణాలను బొమ్మల పటం ఎదుట గానం చేస్తారు. చెరియాల నకాషీ చిత్రకారులు ఇటువంటి పటాలను తరతరాలుగా చిత్రిస్తున్నారు. కథకుడు పటం మీది బొమ్మను చూపుతూ 'ఈయన', 'ఇక్కడ', 'ఇదే' అంటూ కథ నడుపుతాడు. వంతపాట అతని గొంతులో కలుస్తుంది. ఈ ప్రదర్శనను రికార్డు చేసి మాటలను మాత్రమే పాఠంగా రాసుకుంటే, ఆ నిర్దేశక పదాలకు ఆధారం పోతుంది. పటాన్ని మాత్రమే భద్రపరిస్తే అది మౌనచిత్రమవుతుంది. రాగం, వంత, చేతికర్ర, బొమ్మ ఒకే కాలంలో కలిసి ఉన్నప్పుడే అది కథ. 1980లో బోల్ట్ తన తెర ముందు ఎదుర్కొన్న నిర్దేశక పదాల సమస్య, పటం కథకుని దగ్గర సమస్యే కాలేదు. దానిని యంత్రానికి అందించేటప్పుడు మాత్రం మళ్లీ సమస్యగా మారే ప్రమాదం ఉంది.

అందువల్ల జానపద, మౌఖిక సాహిత్య పరిశోధనకు ఇక్కడ ఆచరణాత్మకమైన సూచన ఒకటి ఉంది. ఇప్పటివరకు క్షేత్రసేకరణలో లిప్యంతరీకరణే తుది ఫలితంగా భావించి, అది పూర్తయ్యాక రికార్డింగులను పక్కన పెట్టడం అలవాటుగా ఉంది. ధ్వనీ దృశ్యమూ నేరుగా కలుసుకోగల నమూనాలు వస్తున్న కాలంలో ఆ రికార్డింగే మూలప్రతి, రాత దానికి వ్యాఖ్యానం. వీడియో, ధ్వని, లిప్యంతరీకరణలను ఒకే కాలసూచికతో ముడివేసి భద్రపరచడం, కథకుడు ఏ మాట దగ్గర ఏ బొమ్మను చూపాడో నమోదు చేయడం, మాండలిక ఉచ్చారణను ప్రామాణికంగా దిద్దకుండా ఉంచడం, ప్రదర్శించిన కళాకారుల సమ్మతినీ హక్కులనూ సేకరణతోపాటే నమోదు చేయడం అవసరం. ఇవి కంప్యూటర్ నిపుణులు మాత్రమే చేయగల పనులు కావు. భాషనూ ప్రదర్శననూ ఎరిగిన తెలుగు పరిశోధకుల భాగస్వామ్యం లేకుండా ఇవి సాధ్యం కావు.

8. ముగింపు

పైన చేసిన పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. తొలి దశలో ధ్వనినీ దృశ్యాన్నీ కలిపినది కాలం. పెదవి, గొంతు ఒకేసారి కదలడమే వాటి బంధం.

2. దృశ్యం అర్థాన్ని వెతికే దశలో నిఘంటువు, తర్వాత వర్ణనవాక్యం, ఆ తర్వాత అంతర్జాలంలోని చిత్ర-పాఠ జంటలు కూడలిగా నిలిచాయి. లిఖితపాఠం అందరికీ మధ్యవర్తి అయింది. ఆ పాఠం ఎక్కువగా ఆంగ్లం.

3. ఆ మధ్యవర్తిత్వం ఫలవంతమైనదే గాని తటస్థమైనది కాదు. చిత్రం చూడకుండానే సరిపోయిన జవాబులు, కాగితం అంటించిన ఆపిల్ పండు, స్వరభేదాన్ని గ్రహించలేని గొలుసు దీనికి నిదర్శనాలు.

4. పాఠం లేకుండా ధ్వనినీ దృశ్యాన్నీ కలిపిన ప్రయోగాలు, చిత్రాన్నే కేంద్రంగా చేసుకున్న ఇమేజ్‌బైండ్ మరో మార్గం సాధ్యమని చూపాయి. ఏకనిర్మాణ నమూనాలు ఆ దిశలోనే ఉన్నా, అక్షరం వాటి లోపల ఇంకా పనిచేస్తూనే ఉంది.

5. తెలుగుకు సంబంధించినంతవరకు నష్టం రెండంచెలది. ధ్వని నుంచి పాఠానికి వచ్చేటప్పుడు కాకువు, మాండలికం, వంత జారిపోతాయి. పాఠం తెలుగు కాక ఆంగ్లమైనప్పుడు పలుకుబడి కూడా జారిపోతుంది.

తెలుగు భాషలో రాసినదాని కన్నా పలికినది, పాడినది, ఆడి చూపినది ఎంతో విస్తృతం. రాసినదాన్ని మాత్రమే యంత్రానికి అందిస్తే, యంత్రం తిరిగి చెప్పే తెలుగు కూడా ఆ మేరకే ఉంటుంది. పటం ఎదుట నిలిచి కథ చెప్పగల కళాకారులు ఇంకా ఉన్న కాలంలోనే, గొంతూ బొమ్మా మాటా విడిపోకుండా సేకరించడం తెలుగు పరిశోధన ముందున్న తక్షణ కర్తవ్యం.